ఫిట్స్ ఆపరేషన్ అయ్యాక మెట్లెక్కొచ్చా? వ్యాయామం చుట్టూ పేరుకున్న సందేహాలు

అలిపిరి పాదాల మండపం దగ్గర తెల్లవారుజామున కాసేపు నిలబడితే రకరకాల మొక్కులు కనిపిస్తాయి. మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వెళ్లేవాళ్లు, కర్పూరం వెలిగించేవాళ్లు, పిల్లల్ని భుజాన వేసుకుని ఎక్కేవాళ్లు. జబ్బు నయమైతే నడిచి కొండకొస్తామని మొక్కుకున్నవాళ్లు ఏ రోజు చూసినా ఉంటారు. 2024లో టీటీడీ కాలినడక భక్తులకు ఒక సూచన విడుదల చేసింది. వయసు అరవై దాటినవాళ్లు, షుగరు, బీపీ, ఉబ్బసం, మూర్ఛ, కీళ్ల జబ్బులు ఉన్నవాళ్లు నడిచి రావడం మంచిది కాదని దాని సారాంశం.

ఆ జాబితాలో మూర్ఛ అన్న మాట దగ్గర కొంతమంది ఆగిపోతారు. మెదడుకి ఆపరేషన్ చేయించుకుని, ఏడాదిగా ఒక్క ఫిట్ కూడా రానివాళ్లు. వాళ్లు ఆ జాబితాలో ఉన్నట్టా, లేనట్టా? ఇంట్లో అడిగితే వద్దంటారు. జిమ్ కుర్రాడు ఏం కాదంటాడు. డాక్టరు ‘మామూలుగా ఉండొచ్చు’ అని చీటీ రాసిచ్చి తర్వాతి పేషెంటుని పిలుస్తారు. మామూలుగా అంటే ఏమిటో ఆ చీటీలో ఉండదు.

ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. చిక్కల్లా ముగ్గురూ ఒకే ప్రశ్నకి జవాబు చెప్పడం లేదు.

ఫిట్, మూర్ఛ, ఆపరేషన్: ఏ మాటకి ఏమిటి అర్థం

మన వైపు ఫిట్స్, మూర్ఛ, కాకిసోమాల అన్నీ ఒకటే. వైద్యులు కాస్త విడదీస్తారు. మెదడు కణాల్లో విద్యుత్తు ఒక్కసారిగా గాడి తప్పి, ఒళ్లు కొట్టుకోవడమో, చూపు నిలబడిపోవడమో, స్పృహ తప్పడమో జరిగితే అది ఫిట్. అది ఒక సంఘటన. జ్వరం, షుగరు పడిపోవడం లాంటి తక్షణ కారణమేదీ లేకుండా, ఒక రోజుకి మించిన ఎడంతో రెండు ఫిట్లు వస్తేనో, ఒక్కటే వచ్చినా మళ్లీ వచ్చే అవకాశం గట్టిగా ఉందని పరీక్షల్లో తేలితేనో దాన్ని ఎపిలెప్సీ అంటారు. అది జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ప్రపంచం మొత్తమ్మీద సుమారు 5 కోట్ల మందికి ఇది ఉంది.

వీళ్లలో ఎక్కువమందికి మాత్రలతోనే అదుపులోకి వస్తుంది. దాదాపు మూడో వంతు మందికి రాదు. సరిగ్గా ఎంచిన మందులు రెండు, సరైన మోతాదులో వాడినా ఫిట్లు ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అనాలని ఇంటర్నేషనల్ లీగ్ అగైనెస్ట్ ఎపిలెప్సీ 2010లో నిర్వచించింది. ఇది మూర్ఛ వైద్యుల అంతర్జాతీయ సంఘం. ఆపరేషన్ మాట వచ్చేది అక్కడే.

ఆపరేషన్ అనగానే ఏదో నిన్న మొన్న వచ్చిన వైద్యం అనుకుంటారు. చిత్తూరు నుంచి బస్సెక్కితే గంటలో చేరే వేలూరులో, క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో, డాక్టర్ జేకబ్ చాందీ 1949లోనే దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగం పెట్టారు. 1952లో మూర్ఛకి ఆపరేషన్ కూడా అక్కడే మొదలైంది. ఆయన మాంట్రియల్‌లో, మూర్ఛ ఆపరేషన్లకి పేరుపడ్డ సర్జన్ వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర పని నేర్చుకుని వచ్చిన మనిషి. ఆ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర లాంటి చోట్ల ఇది పెద్ద ఎత్తున సాగింది.

ఎక్కువగా చేసేది టెంపోరల్ లోబ్ ఆపరేషన్. చెవి పైభాగాన, పుర్రె లోపల ఉండే మెదడు భాగం నుంచి ఫిట్ పుడుతోందని పరీక్షలు కచ్చితంగా చూపిస్తే, ఆ ముక్కని తీసేస్తారు. తీయలేని చోట ఫిట్ పాకే దారిని కోసేవి ఉన్నాయి, మెడలో నరానికి తీగ చుట్టి ఛాతీ చర్మం కింద చిన్న యంత్రం పెట్టేవి ఉన్నాయి. అన్నింటినీ జనం ఒకే మాటలో తల ఆపరేషన్ అంటారు. వ్యాయామం సంగతికొచ్చేసరికి ఇవి వేటికవే.

‘ఫిట్స్ ఆగిపోయాయి’ అన్న మాటలో ఎన్ని మెట్లు

కెనడాలో 80 మంది మీద జరిగి 2001లో అచ్చయిన అధ్యయనం ఈ రంగంలో మైలురాయి. సగం మందిని ఆపరేషన్ వైపు, సగం మందిని మందుల వైపు చీటీ తీసినట్టు విడదీశారు. ఏడాది తర్వాత చూస్తే స్పృహని దెబ్బతీసే ఫిట్లు లేనివాళ్లు ఆపరేషన్ వైపు 58 శాతం, మందుల వైపు 8 శాతం. ఢిల్లీ ఎయిమ్స్‌లో 116 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. అందులో ఏడాదికి ఫిట్లు లేనివాళ్లు ఆపరేషన్ వైపు 77 శాతం, మందుల వైపు 7 శాతం.

అంకెలు గొప్పవే. కానీ లండన్‌లో 615 మందిని ఏళ్ల తరబడి గమనించి 2011లో ప్రకటించిన లెక్క కూడా పక్కన పెట్టుకోవాలి. ఆపరేషన్ అయిన నాటి నుంచి ఐదేళ్లపాటు ఫిట్ లేకుండా ఉన్నవాళ్లు 52 శాతం, పదేళ్లపాటు ఉన్నవాళ్లు 47 శాతం. అంటే చాలామందికి ఫిట్లు పోతాయి, కొందరికి చాలా ఏళ్ల తర్వాత తిరిగొస్తాయి. ఇంకొందరికి ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని నెలలు వచ్చి, బ్యాటరీ దిగిపోయినట్టు నెమ్మదిగా ఆగిపోతాయి. అందుకే మొదటి వారంలో ఒక ఫిట్ వచ్చినంత మాత్రాన ఆపరేషన్ ఫెయిలైందని అనరు.

వైద్యులు ఎంగెల్ అనే కొలబద్దతో నాలుగు తరగతులు చేస్తారు. ఒకటో తరగతిలో మనిషిని ఇబ్బంది పెట్టే ఫిట్లు లేవు, రెండులో ఎప్పుడో ఒకటి, మూడులో చెప్పుకోదగ్గ మేలు, నాలుగులో పెద్ద తేడా లేదు. పదేళ్లు ఫిట్ లేకుండా, అందులో చివరి ఐదేళ్లు మందు కూడా లేకుండా ఉంటేనే ‘జబ్బు తీరిపోయింది’ అనాలని 2014 నాటి నిర్వచనం. కాబట్టి ఆపరేషన్ అయి ఏడాది అయిన మనిషి వైద్యశాస్త్రం లెక్కలో ఇంకా మూర్ఛ ఉన్నవాడే. అయినా నెలకి నాలుగు ఫిట్లు వచ్చే మనిషితో అతన్ని ఒకే గాటన కట్టలేం. సూచనల బోర్డు మీద ఈ తేడా పట్టదు.

చెమట పడితే ఫిట్ వస్తుందా?

ఈ భయానికి ఒకప్పుడు డాక్టర్ల ఆమోదం కూడా ఉండేది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1968లో మూర్ఛ ఉన్నవాళ్లని ఒకరినొకరు తాకే ఆటలకి దూరంగా ఉంచమంది. 1974కల్లా ఆ మాట మార్చుకుంది. కానీ నిషేధం ఊళ్లలోకి పాకినంత వేగంగా సవరణ పాకదు. మన బడుల్లో పీటీ పీరియడ్‌కి ఫిట్స్ పిల్లాడిని చెట్టు కింద కూర్చోబెట్టడం ఇప్పటికీ ఉంది.

భయం వెనకున్న తర్కం ఇది. ఈఈజీ, అంటే మెదడు విద్యుత్తుని గీతలుగా చూపే పరీక్ష, తీసేటప్పుడు టెక్నీషియన్ మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదలమంటాడు. అలా చేస్తే కొందరికి ఫిట్ తాలూకు గీతలు బయటపడతాయి. పరిగెత్తినా ఊపిరి అలాగే ఎగసిపడుతుంది కదా, మరి పరుగు ప్రమాదం కాదా?

రెండూ పైకి ఒకటిగానే కనిపిస్తాయి. మంచం మీద పడుకుని ఊరికే ఊపిరి పీలిస్తే ఒంట్లో తయారవుతున్నదానికంటే ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, రక్తంలో దాని మట్టం పడిపోతుంది, మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. పరిగెత్తేటప్పుడు కండరాలు ఆ వాయువుని దండిగా తయారు చేస్తుంటాయి, ఊపిరి దాన్ని బయటికి తోస్తుంటుంది. జమా ఖర్చు సరిపోతుంది. పైగా వ్యాయామం చేస్తున్నంతసేపు ఈఈజీలో ఆ గీతలు తగ్గినవాళ్లే ఎక్కువ.

నార్వేలో 204 మంది మూర్ఛ రోగుల మీద జరిగి 1999లో అచ్చయిన సర్వేలో, వ్యాయామం వల్ల ఫిట్ వస్తోందన్నవాళ్లు పదిమందిలో ఒకరు. ఫిట్లు తగ్గాయన్నవాళ్లు మూడో వంతు పైన. ఆ పదో వంతు మాట కొట్టిపారేయాల్సింది కాదు. కొందరికి నిజంగానే అలసట ఫిట్‌ని లాగుతుంది, వాళ్ల అనుభవం వాళ్లకి తెలుసు. కానీ అందరికీ కలిపి వర్తించే సూత్రంగా ‘చెమట పడితే ఫిట్’ నిలబడదు.

అందుకే 2016లో మూర్ఛ వైద్యుల అంతర్జాతీయ సంఘం ఆటలని వేరే కోణంలో విడదీసింది. ఈ ఆట ఫిట్ తెప్పిస్తుందా అని వాళ్లు చూడలేదు. ఆడుతుండగా ఫిట్ వస్తే ఏమవుతుంది అని చూశారు. క్రికెట్టు, వాలీబాల్, టేబుల్ టెన్నిస్, నాట్యం, నేల మీద పరుగు మొదటి గుంపు. పడితే పడతాడు, అంతకంటే పెద్ద ముప్పు లేదు. ఈత, సైకిల్, బరువులెత్తడం, బాక్సింగ్, కరాటే రెండో గుంపు, ఆడే మనిషికి ఓ మోస్తరు ముప్పు. కొండ అంచులు పట్టుకుని ఎక్కడం, నీటి అడుగున ఈదే స్కూబా, మోటారు రేసులు, విమానం నడపడం మూడోది. అక్కడ ఒక్క క్షణం స్పృహ తప్పితే ప్రాణం మీదికొస్తుంది, కొన్నిట్లో పక్కవాడికి కూడా. ఏడాదికి పైగా ఫిట్ లేనివాళ్లకి మొదటి రెండు గుంపుల తలుపులు చాలావరకు తెరుచుకుంటాయి. మూడోదానికి న్యూరాలజిస్టుతో కూర్చుని మాట్లాడాల్సిందే.

మన దగ్గర ఆ పట్టికలో లేని ఆటలు ఉన్నాయి. మడికి పోయి మోటరు బావిలో దూకి ఈదడం, తలకోన జలపాతం కింద జారుడు రాళ్ల మీద నిలబడడం. నీళ్ల దగ్గర మాత్రం ఏ దేశం లెక్క చూసినా ఒకటే. మూర్ఛ ఉన్నవాళ్లు నీట మునిగి చనిపోయే అవకాశం మిగతావాళ్ల కంటే పదిహేను నుంచి పంతొమ్మిది రెట్లు ఎక్కువ. పక్కన ఈత వచ్చిన మనిషి ఉన్న కొలను, ఒంటరిగా దిగే బావి రెండూ ఈతే. ముప్పు మాత్రం ఒకటి కాదు.

ఆపరేషన్ తనతో తెచ్చే కొత్త సంగతులు

ఇంతవరకూ చెప్పింది మూర్ఛ ఉన్న ఎవరికైనా. ఆపరేషన్ అయినవాళ్లకి పైన కొన్ని కలుస్తాయి.

మొదటిది ఎముక. పుర్రెలో కోసిన పలకని తిరిగి పెట్టి చిన్న లోహపు పట్టీలతో బిగిస్తారు. మొదటి నాలుగారు వారాలు బరువులెత్తడం, తల వంచి చేసే పని వద్దంటారు. రెండు మూడు నెలలకి చాలామంది పనుల్లోకి వస్తారు. ఎముక పూర్తిగా అతుక్కోవడానికి ఇంకా సమయం కావాలి. నెమ్మది నడక మాత్రం ఆస్పత్రిలోనే మొదలుపెట్టిస్తారు. ఇంటికొచ్చాక ఆపేసేది మనమే.

రెండోది చాలామందికి తెలియనిది, నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది. కంటి నుంచి వచ్చే నరాల తీగలు కొన్ని టెంపోరల్ లోబ్‌లోంచి మెలిక తిరిగి వెళ్తాయి. ఆపరేషన్‌లో అవి కొన్ని తెగితే, రెండు కళ్లకీ ఎదురు వైపు పై మూల చూపు పోతుంది. కుడి లోబ్ తీస్తే ఎడమ పై మూల. నడిచేటప్పుడు, చదివేటప్పుడు ఆ మూలతో పెద్ద పని లేదు కాబట్టి మనిషికే తెలియకపోవచ్చు. వాలీబాల్ కోర్టులో తెలుస్తుంది.

పుత్తూరు వైపు ఒక కుర్రాడు ఆపరేషన్‌కి ముందు ఊరి టీములో బాగా ఆడేవాడనుకుందాం. ఎనిమిది నెలలకి మళ్లీ దిగాడు. పైనుంచి ఎడమగా వచ్చే స్మాష్ ప్రతిసారీ వదిలేస్తున్నాడు. జతగాళ్లు ‘వీడికి బుర్ర మందగించింది’ అంటారు, వాడూ నమ్మేస్తాడు, ఆట మానేస్తాడు. కంటి ఆస్పత్రిలో చూపు ఎంత మేర ఉందో కొలిచే పెరిమెట్రీ పరీక్ష చేయిస్తే అరగంటలో సంగతి బయటపడుతుంది. కోర్టులో ఎడమ అంచున నిలబడితే బంతి ఎక్కువగా కుడి వైపు నుంచే వస్తుంది, చూపున్న వైపు నుంచి. తల కాస్త ఎడమకి తిప్పి ఆడడం కొన్నాళ్లకి అలవాటవుతుంది. ఇది బుర్ర సమస్య కాదు, నిలబడే చోటు సమస్య.

మెడ నరానికి యంత్రం పెట్టించుకున్నవాళ్లది ఇంకో రకం. అది కొన్ని నిమిషాలకోసారి నరాన్ని మీటుతుంది. ఆ సెకన్లలో గొంతు బొంగురుపోతుంది, మెట్లెక్కుతుంటే ఊపిరి చాలనట్టు అనిపిస్తుంది. గుండె జబ్బేమో అని భయపడి వ్యాయామం మానేసినవాళ్లు ఉంటారు. యంత్రంతో ఇచ్చే అయస్కాంతాన్ని ఛాతీ మీద ఆనిస్తే అది ఉన్నంతసేపు మీటడం ఆగుతుంది. ఎంత మీటాలన్నది డాక్టరు మార్చగలరు కూడా.

మాత్రలూ, మన ఎండా

ఆపరేషన్ అవగానే మాత్రలు ఆగవు. సాధారణంగా ఒకటి రెండేళ్లు కొనసాగించి, అప్పుడు తగ్గించే మాట ఎత్తుతారు. ఈ మాత్రల్లో కొన్నిటికి ఎండతో పేచీ ఉంది, అందులోనూ తిరుపతి ఎండతో. ఇక్కడ వేసవిలో నలభై డిగ్రీలు దాటడం విడ్డూరం కాదు.

టోపిరమేట్, జోనిసమైడ్ కొందరిలో చెమటని తగ్గిస్తాయి. వినడానికి హాయిగా ఉంటుంది కానీ ఒంటిని చల్లబరిచేదే చెమట. అది లేకుండా ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో మే నెల సాయంత్రం నాలుగింటికి పరిగెడితే ఒళ్లు పొయ్యి మీద గిన్నెలా కాగుతుంది. కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్ వాడేవాళ్లలో కొందరికి రక్తంలో సోడియం తగ్గుతుంది. వాళ్లు చెమటోడ్చి, ఆపైన లీటర్లకొద్దీ ఉత్త నీళ్లు తాగితే సోడియం ఇంకా పలచబడుతుంది, అది బాగా పడిపోతే అదే ఫిట్ తెప్పించగలదు. అప్పుడు అందరూ నింద వేసేది పరుగు మీద. అసలు దోషి ఉప్పు లేని బిందె.

వాల్‌ప్రోయేట్ బరువు పెంచుతుంది. ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్ లాంటివి ఏళ్ల తరబడి వాడితే ఎముకలు పలచబడతాయి. ఎముకకి బలం ఇచ్చేది ఒంటి బరువు మోసే వ్యాయామం. చిన్నప్పటి నుంచి ఇవే మాత్రలు మింగి, ఇంట్లోనే కూర్చున్న ఆడవాళ్లకి నలభైల్లోనే నడుం వంగడం చూస్తే, ఏది జబ్బు వల్ల, ఏది మందు వల్ల, ఏది కూర్చోబెట్టడం వల్ల అని విడదీయడం కష్టం.

మెట్ల లెక్క: ఒకే కొండ, రెండు ప్రయాణాలు

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. చంద్రగిరి దగ్గర ఊళ్లో మునిరత్నం అని 27 ఏళ్ల కుర్రాడిని ఊహించుకుందాం. కుడి టెంపోరల్ లోబ్ ఆపరేషన్ అయి పద్నాలుగు నెలలు, ఒక్క ఫిట్ లేదు. ఆక్స్‌కార్బజెపిన్, లెవెటిరాసిటమ్ రెండు పూటలా వేసుకుంటున్నాడు. పదేళ్లుగా బస్టాండు దాకా తప్ప ఎక్కడికీ నడవలేదు. అమ్మ మొక్కుకుంది, అలిపిరి నుంచి నడిపిస్తానని. అవ్వ మాత్రం ‘వొద్దు నాయనా, బస్సులో పోదాం, సామి ఏమీ అనుకోడు’ అంటోంది.

అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. శ్రీనివాసమంగాపురం వైపు శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు, నిటారుగా ఉంటుంది. తిరుమల ఎత్తు దాదాపు 850 మీటర్లు. గాలి పలచబడి ఇబ్బంది పెట్టడం మామూలుగా 2,500 మీటర్ల పైన మాట, కాబట్టి ఎత్తు గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. మిగిలినవి చూద్దాం.

మొదటి ప్రయాణం మన ఇళ్లలో మామూలుగా జరిగేది. ఎండ తగలకూడదని రాత్రి రెండింటికి లేస్తారు, నిజానికి హడావుడిలో పడుకోనేలేదు. శనివారం ఉపవాసం. అలిపిరిలో సామాను కౌంటర్లో సంచి ఇచ్చేస్తారు, అది బండిలో కొండకి పోతుంది. మాత్రలు ఆ సంచిలోనే ఉన్నాయి. గాలిగోపురం చేరేసరికి తెల్లారింది, మాత్ర వేళ దాటింది. చివర మోకాళ్ల మెట్టు దగ్గర తొడలు వణుకుతున్నాయి. పైన సంచి తీసుకునే చోట రద్దీ. తర్వాత క్యూ కాంప్లెక్సులో గంటలు. ఒళ్లునొప్పులకి ఎవరో ఇచ్చిన మాత్ర మింగాడు. అందులో ట్రమడాల్ అనే నొప్పి మందు ఉంటే అది కూడా ఫిట్‌కి దారి తేలిక చేసేదే. ఇలా వెళ్లి, ఆ సాయంత్రం ఫిట్ వస్తే ఊరంతా చెప్పుకునేది ఒక్కటే: మెట్లెక్కినందుకు వచ్చింది.

రెండో ప్రయాణంలోనూ అవే 3,550 మెట్లు. నెల ముందు నుంచి కుర్రాడు రోజూ అరగంట నడిచాడు, చివరి వారాల్లో కపిలతీర్థం రోడ్డు ఎత్తు ఎక్కి దిగాడు. చలికాలంలో, రాత్రి కడుపునిండా నిద్రపోయి, ఇడ్లీ తిని, మాత్ర వేసుకుని ఆరింటికి మొదలుపెట్టాడు. ఆ రోజు, మరుసటి రోజు మాత్రలు చొక్కా జేబులో ఉన్నాయి. అన్న ఒక మెట్టు కింద నడుస్తున్నాడు, పడితే ఎటు తిప్పి పడుకోబెట్టాలో, ఐదు నిమిషాలు దాటితే ఎవర్ని పిలవాలో అతనికి తెలుసు. దారిలో ఉప్పేసిన మజ్జిగ. పదిహేను వందల మెట్టు దగ్గర, గాలిగోపురం దగ్గర, భాష్యకార్ల సన్నిధి దగ్గర వైద్య సాయం దొరుకుతుందని టీటీడీ ఆ సూచనలోనే చెప్పింది. అలిసిపోతే సగంలో ఆగుతాడు. మొక్కు ఇంకోసారి తీరుతుంది.

మొదటి ప్రయాణంలో ఫిట్‌ని పిలిచేవి నిద్ర లేకపోవడం, తప్పిన మాత్ర, ఖాళీ కడుపు. వీటికి మెట్లతో సంబంధం లేదు, బస్సులో వెళ్లినా ఉంటాయి. మెట్లకే సొంతమైన ముప్పు ఒకటుంది. ఫిట్ వస్తే రాతి మెట్ల మీద దొర్లడం, దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. పద్నాలుగు నెలలు ఫిట్ లేని మనిషికి ఆ ముప్పు చిన్నది. సున్నా మాత్రం కాదు. అవ్వ భయపడేది ఆ సున్నా కాని దాని గురించే, ఆమెని మూఢురాలని తీసిపారేయడం సరికాదు.

మరి టీటీడీ సూచన తప్పా? రోజూ వేలమంది ఎక్కే దారిలో ఎవరికి ఏడాదిగా ఫిట్ లేదో, ఎవరు మాత్ర మానేశారో గుమ్మం దగ్గర తేల్చే వీలు లేదు. అందరికీ కలిపి ఒక జాగ్రత్త చెప్పడమే అక్కడ కుదిరే పని. ఒక మనిషి ఫైలు ముందేసుకుని న్యూరాలజిస్టు చెప్పే మాట వేరే పని. రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవు.

ఫిట్లు పోయినా కుర్చీ వదలకపోవడం

నాకు అసలు చిక్కుగా అనిపించేది ఇది. మూర్ఛ ఉన్నవాళ్లు మిగతావాళ్ల కంటే తక్కువ వ్యాయామం చేస్తారని అనేక దేశాల సర్వేలు చెప్పాయి. ఆపరేషన్ తర్వాత వాళ్ల అలవాట్లు ఎలా మారతాయన్న దాని మీద పరిశోధన తక్కువ, ఉన్నవి చిన్నవి. కానీ ఫిట్లు ఆగిన మర్నాడే మనిషి బూట్లు కట్టుకుని పరుగుకి వెళ్తాడనుకోవడం అమాయకత్వం.

పదేళ్ల వయసు నుంచి ‘ఎండన పోవద్దు, సైకిలు తొక్కొద్దు, మేడ ఎక్కొద్దు’ వింటూ పెరిగిన మనిషికి వొద్దు అన్నదే స్వభావమైపోతుంది. మెదడులో కోసి తీసిన ముక్కతో పాటు అది పోదు. మెల్‌బోర్న్ పరిశోధకులు దీనికి పెట్టిన పేరుని తెలుగులో మామూలుతనపు బరువు అనొచ్చు. జబ్బు ఉన్నంతకాలం ఎవరూ ఏమీ ఆశించలేదు. ఇప్పుడు నయమైంది కదా, ఉద్యోగం చూడు, పెళ్లి చేసుకో, ఒళ్లు తగ్గించు అని నాలుగు వైపుల నుంచీ మొదలవుతుంది. కొందరు రెచ్చిపోయి ఒక్కసారే అన్నీ చేస్తారు, కొందరు ముడుచుకుపోతారు. ఆపరేషన్ తర్వాత మొదటి నెలల్లో దిగులు, ఆందోళన రావడం డాక్టర్లు ఎదురుచూసేదే. ఆ దిగులుకి నడక కొంత మందు, కానీ నడవనివ్వనిది కూడా ఆ దిగులే.

మన దగ్గర ఇంకో పొర ఉంది. ఆడపిల్లకి ఆపరేషన్ అయితే జుట్టు పెరిగేదాకా బయటికి పంపరు, పెరిగాక సంబంధాలు చూస్తున్నామని పంపరు. నలుగురి ముందు గ్రౌండ్‌లో పడిపోతే అన్న భయం ఫిట్ భయం కంటే పెద్దది. మూర్ఛ ఉంటే పెళ్లి చెల్లదన్న మాట హిందూ వివాహ చట్టంలోంచి 1999లోనే తీసేశారు. చాలా ఇళ్లకి ఆ వార్త ఇంకా చేరలేదు.

దీనికి బండి కూడా తోడవుతుంది. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులో మూర్ఛ ఉందా అని అడుగుతారు, ఉందంటే దారి మూసుకుంటుంది, ఎన్నేళ్లు ఫిట్ లేకపోతే తెరుచుకుంటుందో మన నిబంధనల్లో స్పష్టంగా లేదు. తిరుపతి శివారు కాలనీలో ఉండేవాడికి ప్రకాశం పార్కు దాకా తీసుకెళ్లేవాళ్లు లేకపోతే ‘వ్యాయామం చెయ్యి’ అన్న సలహా గాల్లో మాట. చిత్తూరు మెసానికల్ గ్రౌండ్ పక్క వీధిలో ఇల్లున్నవాడిది అదృష్టం.

ఫిట్లు పూర్తిగా పోనివాళ్ల సంగతి

ఆపరేషన్ అందరికీ ఒకటో తరగతి ఫలితం ఇవ్వదు. పలమనేరులో 34 ఏళ్ల ఆమె, నెలకి పది ఫిట్లు వచ్చేవి ఒకటికి తగ్గాయనుకుందాం. స్పృహ తప్పేవే, కానీ వచ్చే ముందు కడుపులోంచి ఏదో పైకి లేచినట్టు తెలుస్తుంది. ఆమెకి కొండ మెట్లు, బావి, మేడ మీద నడక కుదరవు. అత్తగారు మాత్రం అన్నీ కలిపి ‘నువ్వు కూర్చోమ్మా’ అనేస్తుంది. ఇంటి ముందు వీధిలో ఆడపడుచుతో కలిసి అరగంట నడక, చాప మీద చేసే వ్యాయామాలు, చుట్టూ పదునైన మూలలున్న సామాను లేని గదిలో నిలబడి చేసే నాట్యం, ఇవన్నీ ఆమెకి అందేవే. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లని కూడా కలుపుకునే చెప్పింది. రోజుకి పది నిమిషాలతో మొదలైనా పది నిమిషాలే లాభం.

వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేని చోట్లు

పుర్రె తెరిచి మూసినవాళ్లు కబడ్డీ ఎప్పుడు ఆడొచ్చు, బాక్సింగ్ ఎప్పటికైనా చేయొచ్చా అంటే సర్జన్‌ని బట్టి జవాబు మారుతుంది. కొందరు ఆరు నెలల తర్వాత స్కాన్ చూసి సరేనంటారు, కొందరు తలకి దెబ్బ తగిలే ఆట జన్మలో వద్దంటారు. మొదటి పక్షం వాదన ఎముక అతుక్కున్నాక అది ఎముకే కదా అని. రెండో పక్షం వాదన తలకి దెబ్బ తగలడమే మూర్ఛకి ఒక కారణం, ఒకసారి బయటపడ్డ మెదడుని మళ్లీ ఎందుకు పరీక్షకి పెట్టడం అని. రెండోది నాకు కొంచెం ఎక్కువ నచ్చుతుంది, కానీ ఊళ్లో కబడ్డీయే ప్రాణంగా బతికిన పంతొమ్మిదేళ్లవాడికి దాని ధర ఎంతో నేను చెప్పలేను.

జిమ్‌లో బరువుల సంగతి ఇంకా సులువు. పడుకుని ఛాతీ మీదికి రాడ్డు ఎత్తేటప్పుడు చేయి పట్టు తప్పితే రాడ్డు మెడ మీద పడుతుంది, ఆ ఒక్కదానికి పక్కన మనిషి ఉండాలి. ట్రెడ్‌మిల్ కంటే కదలని సైకిల్ మేలు, పడితే బెల్టు ఈడ్చుకుపోదు.

ఇక మాత్రలు తగ్గించే కాలం. రెండేళ్లు ఫిట్ లేకుండా ఉండి, ఈతకి వెళ్తూ, మెట్లు రెండుసార్లు ఎక్కిన మనిషికి డాక్టరు మోతాదు తగ్గించడం మొదలుపెడితే, ఆ నెలల్లో ఫిట్ తిరిగొచ్చే అవకాశం కాస్త పెరుగుతుంది. అప్పటిదాకా సంపాదించిన స్వేచ్ఛలో కొంత తాత్కాలికంగా వెనక్కి ఇవ్వమంటారు. ఒంటరి ఈత, ఎత్తు పనులు కొన్నాళ్లు ఆపమంటారు. రోజూ నడక, వాలీబాల్ ఆగక్కర్లేదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే, బాగున్న మనిషిని మళ్లీ కూర్చోబెడుతున్నారేమిటని ఇంట్లో గొడవ మొదలవుతుంది, కొందరు ఆ గొడవలోనే మాత్రలు తగ్గించుకోవడం మానుకుంటారు. మాత్ర తగ్గే తేదీని, చివరి మాత్ర ఆగిన తేదీని క్యాలెండర్ మీద రాసి పెట్టుకున్న ఇంట్లో మాత్రం ఈత మళ్లీ ఎప్పుడన్నది వాదన కాదు, గోడ మీద ఉన్న అంకె.